దొంగ లాగిన్లతో కేంద్రం నుంచి కేంద్రానికి: 2020 మే సూపర్ కంప్యూటర్ చొరబాట్లపై కేస్ స్టడీ

2020 మే 11, సోమవారం. ఎడిన్‌బరో నుంచి అప్పట్లో నడిచిన బ్రిటన్ జాతీయ సూపర్ కంప్యూటర్ ఆర్చర్ యూజర్లకు ఒక నోటీసు వెళ్లింది. లాగిన్ నోడ్లలోకి, అంటే యూజర్లు ముందుగా అడుగుపెట్టే యంత్రాల్లోకి, ఎవరో చొరబడ్డారని, అందుకే అందరికీ ప్రవేశం ఆపేస్తున్నామని దాని సారాంశం. ఆర్చర్ చిన్న యంత్రమేమీ కాదు: క్రే ఎక్స్‌సీ30, 4,920 కంప్యూట్ నోడ్లు (అసలు లెక్కలు చేసే యంత్రాలు), 1,18,080 కోర్లు. అదే రోజు జర్మనీలోని బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో ఐదు క్లస్టర్లు (కలిపి ఒకే పెద్ద యంత్రంలా వాడే కంప్యూటర్ల గుంపులు) మూతపడ్డాయి. స్టుట్‌గార్ట్‌లో హాక్, కార్ల్స్‌రూహ్‌లో రెండు, ఉల్మ్‌లో రసాయన శాస్త్రం వాళ్లు వాడే జస్టస్, ట్యూబింగెన్‌లో బయోఇన్ఫర్మాటిక్స్ కోసం పెట్టిన బినాక్. ఆ వారం గడిచేసరికి మ్యూనిక్ దగ్గరి లైబ్‌నిట్స్ కేంద్రం, యూలిష్‌లోని జురెకా, జువెల్స్, డ్రెస్డెన్‌లోని టారస్ కూడా బయటి ప్రపంచం నుంచి తెగిపోయాయి. శనివారం నాటికి స్విట్జర్లాండ్ జాతీయ కేంద్రం సీఎస్‌సీఎస్ కూడా బయటి లాగిన్లు ఆపేసింది.

కోవిడ్ మొదటి అల రోజులవి. పరిశోధకులంతా ఇళ్ల నుంచి పనిచేస్తున్నారు. "ఈ యూజర్ ఎప్పుడూ క్యాంపస్ నుంచే వస్తాడు, ఈరోజు వేరే అడ్రస్ నుంచి వచ్చాడేంటి?" అని అనుమానపడే అవకాశం ఆ రెండు నెలల్లో ఏ అడ్మిన్‌కీ లేదు, ఎందుకంటే అందరూ కొత్త అడ్రస్‌ల నుంచే వస్తున్నారు. ఇది నా ఊహే గానీ, దాడి అన్నాళ్లు కంటపడకుండా సాగడానికి అదీ సాయపడే ఉంటుంది.

యూనివర్సిటీ స్థాయి క్లస్టర్ నడపడం నా పని. కొత్తగా చేరే అడ్మిన్‌కి ముందు ఈ కేసే చెప్తాను. ఇందులో అబ్బురపరిచే టెక్నిక్ ఒక్కటీ లేదు, అందుకే చెప్తాను. దాడి చేసినవాళ్లు ఫైర్‌వాల్ పగలగొట్టలేదు. మామూలు యూజర్ల లాగిన్‌తో, దూరంలోని యంత్రంలోకి వెళ్లడానికి అందరూ వాడే మామూలు ఎస్ఎస్‌హెచ్‌తో, ముందు తలుపు నుంచే వచ్చారు. ఎడిన్‌బరోని, స్టుట్‌గార్ట్‌ని, యూలిష్‌ని కలిపేది ఏ రూటరూ కాదు. మూడు చోట్లా అకౌంట్ ఉన్న పరిశోధకుడు. దాడి సరిగ్గా అతని అడుగుజాడల్లోనే నడిచింది.

షెల్ ఇవ్వడమే మన పని

వెబ్ సర్వర్ చూసుకునేవాళ్లకి బయటివాడి చేతికి షెల్, అంటే యంత్రంలో నేరుగా కమాండ్లు కొట్టే వీలు, చిక్కడమంటే కొంప మునిగినట్టే. క్లస్టర్‌లో షెల్ ఇవ్వడమే సర్వీసు. వందలమంది యూజర్లు. ఒక్కొక్కరూ తమ కోడ్ తామే కంపైల్ చేసుకుంటారు, ఎక్కడి నుంచో దించుకున్న బైనరీ నడుపుతారు, హోమ్ డైరెక్టరీ నిండా పైథాన్ ప్యాకేజీలు పోసుకుంటారు. అవన్నీ ఆపేస్తే ఇక క్లస్టర్ ఎందుకు? అంచేత ఒక యూజర్‌ని పక్క యూజర్ నుంచి, అందర్నీ రూట్ (యంత్రం మీద సర్వాధికారాలున్న అకౌంట్) నుంచి వేరుచేసే గోడ కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, ఒక్కటే.

సెక్యూరిటీ బులెటిన్‌లో "లోకల్" అని రాసిన, అంటే అప్పటికే యంత్రంలో ఉన్నవాడు మాత్రమే వాడుకోగల, లోపాన్ని మిగతావాళ్లు వచ్చే నెలకి వాయిదా వేసుకోవచ్చు. మనకి కుదరదు. ఒక్క విద్యార్థి పాస్‌వర్డ్ పోయిందంటే దాడి చేసేవాడు ఆ క్షణం నుంచీ లోకలే. 2022 జనవరిలో బయటపడ్డ ప్వన్‌కిట్ లోపం గుర్తుందా? పీకెఎగ్జెక్ అనే చిన్న ప్రోగ్రామ్‌లో 2009 నుంచీ ఉంది. ఏ యూజరైనా సరే, దాంతో రూట్ అయిపోవచ్చు.

పైగా ప్యాచ్ వేయడం క్లస్టర్‌లో అనుకున్నంత తేలిక కాదు. కెర్నెల్ మారితే లస్టర్ అనే ఫైల్ సిస్టమ్ మాడ్యూళ్లు మళ్లీ కట్టాలి, నోడ్లని కలిపే ఇన్ఫినిబ్యాండ్ నెట్‌వర్క్ డ్రైవర్ దానికి సరిపడాలి, వారాల తరబడి నడిచే జాబులు (యూజర్లు ఇచ్చిన లెక్కలు) ఆగాలి. అందుకే మెయింటెనెన్స్ రోజు కోసం ఎదురుచూస్తూ పాత కెర్నెల్ మీదే నెట్టుకొస్తాం. 2020 మేలో దాడి చేసినవాళ్లు సీవీఈ-2019-15666 అనే కెర్నెల్ లోపంతో రూట్ సంపాదించి ఉండొచ్చని కాడో సెక్యూరిటీ అనే సంస్థ విశ్లేషించింది. ఆ నంబరులోనే ఉంది చూడండి, 2019. దిద్దుబాటు అప్పటికే వచ్చేసి ఉంది.

దారి ఎక్కడ పడింది

యూరప్ పరిశోధనా కేంద్రాల మధ్య సమన్వయం చేసే ఈజీఐ భద్రతా బృందం ఆ వారం హెచ్చరికలు విడుదల చేసింది. వాటిలో ఉన్న ముఖ్యమైన వాక్యానికి అర్థం ఇది: దాడి చేసినవాడు చేజిక్కిన ఎస్ఎస్‌హెచ్ లాగిన్ వివరాలతో ఒక బాధిత కేంద్రం నుంచి ఇంకో కేంద్రానికి గెంతుతున్నాడు. లాగిన్లు వచ్చిన అడ్రస్‌లలో పోలండ్‌లోని క్రాకోవ్ యూనివర్సిటీవి, షాంఘై జియావో టోంగ్ యూనివర్సిటీవి, చైనా సైన్స్ అండ్ టెక్నాలజీ నెట్‌వర్క్‌వి ఉన్నాయి. వాళ్లెవరూ దాడి చేసినవాళ్లని కాదు. వాళ్ల యంత్రాలు కూడా అంతకుముందే ఎవరి చేతిలోనో పడ్డాయి. బాధితులు యూరప్‌లోనూ, చైనాలోనూ, ఉత్తర అమెరికాలోనూ ఉన్నారు.

లాగిన్ వివరాలు మొదట ఎలా పోయాయన్నది పూర్తిగా తేలలేదని ఈజీఐ రాసింది. కొన్ని చోట్ల మాత్రం ఎస్ఎస్‌హెచ్ ప్రోగ్రామే మార్చేసి ఉందని కనిపెట్టారు. అంటే యూజర్ "ఎస్ఎస్‌హెచ్" అని కొట్టి పాస్‌వర్డ్ టైపు చేస్తే అది మామూలుగానే పనిచేస్తుంది, వెనకాల ఒక ఫైల్లో రాసుకుంటుంది కూడా. యూజర్‌కి తేడా తెలియదు.

దాడి చేసేవాడి స్థానంలో కూర్చుని ఒక హోమ్ డైరెక్టరీ చూడండి. డాట్ ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో ప్రైవేట్ కీ, అంటే పాస్‌వర్డ్ బదులు వాడే రహస్య ఫైలు, ఉంటుంది, చాలాసార్లు దాన్ని కాపాడే పాస్‌ఫ్రేజ్ లేకుండా. పక్కనే నోన్ హోస్ట్స్ ఫైలు: ఇతను ఇంతవరకు ఏయే యంత్రాలకి వెళ్లాడో జాబితా. దాని పక్కన కాన్ఫిగ్ ఫైలు: ఏ యంత్రంలో ఇతని యూజర్ పేరు ఏంటో, ఏ కీ వాడాలో. ఇక ఇంతవరకు కొట్టిన కమాండ్లు ఉండే బాష్ హిస్టరీ తెరిస్తే మిగిలిన ఖాళీలన్నీ నిండుతాయి. తాళం, చిరునామా, ఇంటిపేరు మూడూ ఒకే సంచిలో. నోన్ హోస్ట్స్‌ని హ్యాష్ చేసి (పేర్లు చదవలేని రూపంలోకి మార్చి) దాచే సదుపాయం 2005లోనే ఓపెన్ ఎస్ఎస్‌హెచ్‌లోకి వచ్చింది, సరిగ్గా ఇలాంటి గెంతులు ఆపడానికే. హిస్టరీ ఫైల్లో అవే పేర్లు పచ్చిగా ఉన్నంతకాలం దాని వల్ల ఒరిగేది తక్కువే.

ఏజెంట్ ఫార్వర్డింగ్, అంటే ల్యాప్‌టాప్‌లోని కీని దూరపు యంత్రం నుంచి కూడా వాడుకోనిచ్చే సదుపాయం, ఇంకా కొంటె వ్యవహారం. "నా ప్రైవేట్ కీ ల్యాప్‌టాప్ దాటి ఎక్కడికీ పోదు, నాకేం భయం" అనుకునే జాగ్రత్తపరులు దీన్ని వాడతారు. నిజమే, కీ ఎక్కడికీ పోదు. కానీ వాళ్లు లాగిన్ అయి ఉన్నంతసేపూ ఆ కీతో సంతకం పెట్టించుకునే సాకెట్ (ప్రోగ్రాములు మాట్లాడుకునే దారి) ఒకటి లాగిన్ నోడ్‌లో తెరిచి ఉంటుంది. అక్కడ రూట్ ఎవరైతే, ఆ సాకెట్ వాళ్లదే. ఇంకో క్లస్టర్‌కి వెళ్లాలంటే ప్రాక్సీజంప్ ఉంది కదా, ఓపెన్ ఎస్ఎస్‌హెచ్ 7.3 నుంచి. అందులో మధ్య యంత్రం గొట్టంలా మాత్రమే పనిచేస్తుంది. ప్రామాణీకరణ ల్యాప్‌టాప్‌కీ గమ్యానికీ మధ్యే జరుగుతుంది. 2016 నుంచీ ఉన్నా, ఫార్వర్డింగ్ ఆన్ చేయమని చెప్పే పాత ట్యుటోరియళ్లే సీనియర్ నుంచి జూనియర్‌కి చేరుతూ ఉంటాయి.

ఇదంతా 2020లో కొత్తగా వచ్చిందని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. 2003 నుంచి 2005 దాకా ఇదే కథ ఒకసారి నడిచింది. స్వీడన్‌లోని ఉప్సాలా నుంచి ఒక కుర్రాడు, మార్చేసిన ఎస్ఎస్‌హెచ్ ప్రోగ్రాములతో పాస్‌వర్డ్‌లు ఏరుకుంటూ, యూరప్ యూనివర్సిటీల నుంచి అమెరికా టెరాగ్రిడ్ సూపర్ కంప్యూటర్ల దాకా వెళ్లాడు. 2004లో సిస్కో రూటర్ల సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్ బయటికి పొక్కింది కూడా అతని ద్వారానే అని 2009లో కాలిఫోర్నియాలో నేరారోపణ నమోదైంది. అప్పుడు పాస్‌వర్డ్‌లు ఎక్కువ, ఇప్పుడు కీలు ఎక్కువ. తేడా అంతే.

రెండు ఫైళ్లు, నాలుగు వేషాలు

మే నెల వార్తలన్నీ "సూపర్ కంప్యూటర్లలో క్రిప్టో మైనింగ్" అనే శీర్షికతో వచ్చాయి. ఈజీఐ మాత్రం రెండు సంఘటనల్నీ విడివిడిగానే ఉంచింది. ఒకదానిలో మోనెరో అనే క్రిప్టో నాణేల తవ్వకం, అంటే యంత్రాల చేత లెక్కలు చేయించి వాటిని సంపాదించడం. రెండోదానిలో దాడి ఉద్దేశం తెలియదని స్పష్టంగా రాసింది. పత్రికలకి రెండిటినీ కలిపేయడం సులువు. మనం కలపకూడదు. మైనింగ్ అనుకుంటే "సీపీయూ కాస్త తిన్నాడు, పోనీలే" అనిపిస్తుంది. ఉద్దేశం తెలియని చొరబాటులో, ఆ హోమ్ డైరెక్టరీల్లో ఉన్న ప్రచురించని డేటా అంతా ఒకరి చూపు పడిందనే లెక్క వేసుకోవాలి.

మైనింగ్ జరిగిన చోట ఏర్పాటు తీరు చూస్తే వాళ్లకి క్లస్టర్ల గురించి బాగా తెలుసనిపిస్తుంది. కంప్యూట్ నోడ్లకి సాధారణంగా ఇంటర్నెట్ ఉండదు. తవ్వే యంత్రం మైనింగ్ సర్వర్‌తో మాట్లాడాలి కదా? అందుకని చేజిక్కిన యంత్రాలకి వేర్వేరు వేషాలు వేశారు. కొన్ని తవ్వుతాయి. కొన్ని తవ్వేవాటికీ అసలు సర్వర్‌కీ మధ్య ప్రాక్సీగా, అంటే మధ్యవర్తిగా, నిలబడతాయి. కొన్నిటిలో మైక్రోసాక్స్ అనే చిన్న ప్రాక్సీ ఏదో పెద్ద నంబరు పోర్టులో నడుస్తుంది. ఇంకొన్ని ఉత్త ఎస్ఎస్‌హెచ్ సొరంగాలు. దాడి చేసేవాడు తరచూ టోర్ అనే అజ్ఞాత నెట్‌వర్క్ గుండా వస్తాడు. ఒక చోట క్రాన్ (చెప్పిన వేళకి పని నడిపేది) పెట్టి రాత్రిళ్లు మాత్రమే తవ్వించారు. పగలు గ్రాఫులు చూసేవాళ్లకి అంతా ప్రశాంతం. డయామార్ఫిన్ అనే కెర్నెల్ మాడ్యూల్‌తో ప్రాసెస్‌లని దాచడం కూడా కనిపించింది. అది ఎక్కాక, నడిచే ప్రాసెస్‌ల జాబితా ఇచ్చే పీఎస్, టాప్ కమాండ్లు చూపించేదాన్ని నమ్మడానికి లేదు.

మోనెరోనే ఎందుకంటే, నాకు తోచే కారణం ఒకటుంది. 2019 నవంబర్ చివర్లో మోనెరో రాండమ్‌ఎక్స్ అనే పద్ధతికి మారింది. అది మామూలు సీపీయూలకి అనువుగా రాసింది. లక్ష సీపీయూ కోర్లు వరసగా పేర్చి ఉన్న చోట్లు ప్రపంచంలో ఎన్ని ఉంటాయి?

ఇంకో ఆనవాలు చాలా కేంద్రాల్లో ఒకేలా దొరికింది. ఈటీసీ కింద ఫాంట్స్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే రెండు దాపు ఫైళ్లు: "డాట్ ఫాంట్స్", "డాట్ లో". మొదటిది నడిపినవాడికి రూట్ హక్కులిచ్చే సెట్‌యూఐడీ బైనరీ. రెండోది లాగ్‌లలో జాడలు తుడిచేది. లాస్ట్‌లాగ్, డబ్ల్యూటీఎంపీ లాంటి లాగిన్ రికార్డు ఫైళ్లలో తన వరసలు మాత్రమే ఏరి తీసేస్తుంది, మిగతావి అలాగే ఉంటాయి. మొత్తం లాగ్ మాయమైతే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఒక్క వరస పోతే రాదు. లాగ్‌ని అదే యంత్రంలో మాత్రమే ఉంచుకునే అడ్మిన్‌కి ఈ రెండో ఫైలు ముందు చేయగలిగిందేం లేదు. పుట్టిన సెకనులోనే వేరే యంత్రానికి పంపేసిన లాగ్‌ని అది తుడవలేదు.

2021 ఫిబ్రవరిలో ఈసెట్ సంస్థ కోబలోస్ అనే మాల్‌వేర్ గురించి నివేదిక ఇచ్చింది. అదీ సూపర్ కంప్యూటర్ కేంద్రాల్లోనే దొరికింది, లైనక్స్‌తో పాటు ఫ్రీబీఎస్‌డీ, సొలారిస్‌ల మీద కూడా. మనిషి అరచేతిలో పట్టేంత చిన్న కోడ్, 24 కిలోబైట్లు. ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌లోనే దాక్కుని, ఫలానా సోర్స్ పోర్టు నుంచి కనెక్షన్ వస్తేనే మేల్కొంటుంది. అది పడ్డ చాలా యంత్రాల్లో ఎస్ఎస్‌హెచ్ క్లయింటు కూడా మారిపోయి ఉంది, పేరూ పాస్‌వర్డూ గమ్యమూ రాసుకుంటూ. 2020 మైనింగ్ సంఘటనలకీ దీనికీ సంబంధం ఉందని ఈసెట్ చెప్పలేదు. అయితే ఇద్దరి ఆకలీ ఒకటే, లాగిన్ వివరాలు.

ఒక నోడ్‌లో రూట్ పోతే

ఈ భాగాన్ని మేనేజ్‌మెంట్‌కి అర్థమయ్యేలా చెప్పడం నా అనుభవంలో అన్నిటికన్నా కష్టం. "ఒక్క నోడ్‌లోకే కదా వచ్చాడు, దాన్ని ఫార్మాట్ చేసి తతిమ్మావి నడపండి" అంటారు. క్లస్టర్ నిర్మాణమే దానికి ఒప్పుకోదు.

మొదటిది హోమ్ డైరెక్టరీలు. నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే ఎన్ఎఫ్ఎస్‌తో అన్ని నోడ్లకీ ఒకటే హోమ్. "రూట్ స్క్వాష్ పెట్టాం, రూట్‌గా ఏమీ రాయలేడు" అని ధీమాగా ఉంటాం. నిజమే, రూట్‌గా రాయలేడు. కానీ నోడ్‌లో రూట్ అయినవాడు ఒక్క కమాండ్‌తో ఏ యూజర్ రూపమైనా ఎత్తగలడు. మామూలు ఎన్ఎఫ్ఎస్ సర్వర్ క్లయింటు చెప్పిన యూజర్ నంబరునే నమ్ముతుంది. కాబట్టి ఏ ప్రొఫెసర్ హోమ్‌లోనైనా, ఏ కీలతో లోపలికి రావచ్చో రాసి ఉండే ఆథరైజ్డ్ కీస్ ఫైల్లో తన కీ ఒక వరస చేర్చేయొచ్చు. ఇక ఆ నోడ్ ఫార్మాట్ చేసినా ఏం లాభం? రేపు పొద్దున ఆ ప్రొఫెసర్ పేరుతోనే ముందు తలుపు నుంచి వస్తాడు. బాష్ స్టార్టప్ ఫైలు మార్చితే ప్రొఫెసర్ తర్వాతి లాగిన్ నుంచీ అతని చేతే నకిలీ ఎస్ఎస్‌హెచ్ నడిపిస్తాడు.

రెండోది మంజ్. జాబులని నోడ్లకి పంచే స్లర్మ్ అనే షెడ్యూలర్ వాడే క్లస్టర్లలో ఎక్కువ భాగం, "ఈ జాబు పంపింది ఫలానా యూజరే" అన్న రుజువు కోసం మంజ్ మీద ఆధారపడతాయి. దాని భద్రత అంతా ఒక్క రహస్య కీలో ఉంది, ఆ కీ ప్రతి నోడ్‌లోనూ అదే. అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఫ్లాట్ గోడకీ మాస్టర్ కీ నకలు ఒకటి తగిలించినట్టు. ఏ మూల నోడ్‌లో రూట్ అయినవాడైనా ఆ కీ చదివి, తాను ఏ యూజరునని కావాలంటే ఆ యూజరునని సంతకం చేసుకోవచ్చు. రూట్‌నని కూడా. అప్పుడు షెడ్యూలర్ అతని కోడ్‌ని అన్ని నోడ్లకీ మర్యాదగా మోసుకెళ్లి నడుపుతుంది.

మూడోది నోడ్ల మధ్య నమ్మకం. కొత్త అకౌంట్ తెరవగానే పాస్‌ఫ్రేజ్ లేని కీ జత ఒకటి తయారుచేసి, యూజర్ సొంత ఆథరైజ్డ్ కీస్‌లోనే పెట్టే స్క్రిప్టులు చాలా క్లస్టర్లలో ఉన్నాయి. నోడ్ల మధ్య ఎంపీఐ జాబులు (చాలా నోడ్ల మీద ఒకేసారి నడిచేవి) సాఫీగా సాగాలని. సౌకర్యమే, కాదనను. ఐతే లాగిన్ నోడ్‌లో కూడా అదే హోమ్ కదా. ఆ ప్రైవేట్ కీని కాపీ చేసుకున్నవాడు ప్రపంచంలో ఎక్కడి నుంచైనా లాగిన్ నోడ్‌లోకి రావచ్చు. ఆ కీ ముందు "ఫ్రమ్" అనే పరిమితి పెట్టి లోపలి నెట్‌వర్క్ అడ్రస్‌లకే కట్టేస్తే సరిపోతుంది. లేదా యూజర్ కీని కాక యంత్రాన్ని నమ్మే హోస్ట్ ఆధారిత ప్రామాణీకరణకి మారి, ఆ కీలు తీసేయాలి. ఐదు నిమిషాల పని. మీ క్లస్టర్‌లో ఉందో లేదో ఈరోజే చూడండి.

అందుకే ఒక్క నోడ్‌లో రూట్ పోయిందని తేలితే నా లెక్కలో క్లస్టర్ మొత్తం పోయినట్టే: నోడ్లన్నీ కొత్త ఇమేజ్ నుంచి, మంజ్ కీ కొత్తది, హోస్ట్ కీలు (యంత్రాల గుర్తింపు కీలు) కొత్తవి, యూజర్లందరి పాస్‌వర్డ్‌లూ కీలూ కొత్తవి. ఆర్చర్ వాళ్లు అదే చేశారు.

తలుపులు తెరిచాక మారినవి

ఆర్చర్ మే 22న మళ్లీ తెరిచినప్పుడు ప్రతి యూజర్‌కీ రెండు ఆధారాలు తప్పనిసరి చేశారు: పాస్‌ఫ్రేజ్ ఉన్న ఎస్ఎస్‌హెచ్ కీ, దాంతో పాటు పాస్‌వర్డ్. ఇంతకుముందు వాడిన కీ గానీ పాస్‌వర్డ్ గానీ మళ్లీ వాడొద్దని గట్టిగా చెప్పారు. మంచి మొదటి అడుగు. ఇబ్బంది ఏంటంటే, కీకి పాస్‌ఫ్రేజ్ ఉందో లేదో సర్వర్‌కి తెలిసే మార్గం లేదు. యూజర్ మాట మీద నమ్మకం పెట్టుకోవడమే. నకిలీ ఎస్ఎస్‌హెచ్ ఉన్న చోట పాస్‌ఫ్రేజ్, పాస్‌వర్డ్ రెండూ దాని ముందే టైపు చేస్తాం కూడా.

యూలిష్ వేరే దారి పట్టింది. కీ అప్‌లోడ్ చేసేటప్పుడే "ఫ్రమ్" నిబంధన రాయాలి: ఈ కీ ఈ అడ్రస్‌ల నుంచి వస్తేనే చెల్లుతుంది. దొంగిలించినా ఇంకో దేశం నుంచి అది పనికిరాదు. ఇంటి ఇంటర్నెట్‌లో అడ్రస్ మారుతూ ఉండేవాళ్లకి మాత్రం ఇది నరకం. స్విట్జర్లాండ్ సీఎస్‌సీఎస్ తర్వాతి కాలంలో నాకు అన్నిటికన్నా నచ్చిన పని చేసింది. రెండో అంచె కోడ్‌తో లాగిన్ అయితే, సర్వరే సంతకం చేసిన కీ ఇస్తుంది, అది 24 గంటలే బతుకుతుంది. కార్ల్స్‌రూహ్ వైపు యూజర్లు ఆథరైజ్డ్ కీస్ ఫైలు తామే రాసుకోవడం ఆపించి, కీలన్నీ ఒక పోర్టల్ ద్వారానే నమోదు చేయించారు. రెండో అంచె కోడ్ కూడా పెట్టారు.

ఈ కేసులో నా తీర్పు ఒక్కటే: కీలకి చావు లేకపోవడమే అసలు జబ్బు. 2014లో పీహెచ్‌డీ కోసం చేసిన కీ, ఆ మనిషి మూడు దేశాలు మారినా, నాలుగు క్లస్టర్లలో ఇంకా చెల్లుతూనే ఉంటుంది. పాస్‌వర్డ్‌కి గడువు పెడతాం, కీని మర్చిపోతాం. ఓటీపీ, కెర్నెల్ ప్యాచ్, ఫైర్‌వాల్ అన్నీ కావాలి. ఒకటే ఎంచుకోమంటే మాత్రం నేను గడువున్న కీలనే ఎంచుకుంటాను.

ఓటీపీ పెట్టేవాళ్లకి ఒక హెచ్చరిక. లైనక్స్‌లో లాగిన్ తనిఖీలు చూసే పీఏఎంలో ఓటీపీ మాడ్యూల్ చేర్చి, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి, కోడ్ అడిగింది కదా అని సంతోషపడిపోయే సెటప్‌లు కొల్లలు. పబ్లిక్ కీతో వచ్చేవాళ్లకి ఎస్ఎస్‌హెచ్ సర్వర్ పీఏఎం ప్రామాణీకరణ మెట్టుని అసలు ఎక్కదు, నేరుగా లోపలికి పంపేస్తుంది. "ఆథెంటికేషన్ మెథడ్స్" అనే వరసలో కీ, కోడ్ రెండూ కలిపి కావాలని రాస్తేనే అడుగుతుంది. అలాగే లాగిన్ నోడ్‌కి మాత్రమే పెట్టి డేటా ట్రాన్స్‌ఫర్ నోడ్‌ని, బ్రౌజర్‌లోంచి కోడ్ నడిపే జూపిటర్ పోర్టల్‌ని వదిలేస్తే, దాడి చేసేవాడు ఆ వైపు తిరిగొస్తాడు.

మన దగ్గర

మన దేశంలో జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ కింద ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్ సేవ లాంటి యంత్రాలు వచ్చాయి. వీటితో పాటు డిపార్ట్‌మెంట్ స్థాయిలో పది, ఇరవై నోడ్ల క్లస్టర్లు చాలా ఉన్నాయి. ఒకరో ఇద్దరో అడ్మిన్లు, అదీ మిగతా పనుల మధ్య. ఇక్కడ ఎంటెక్ చేసిన అమ్మాయి రేపు పోస్ట్‌డాక్‌కి జర్మనీ వెళ్తుంది, అదే ల్యాప్‌టాప్, అదే కీ. యూరప్ కేసు మనకి దూరం కాదు.

మన ల్యాబులకి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది: ఉమ్మడి అకౌంట్లు. గైడ్ పేరున ఒక అకౌంట్, దాని పాస్‌వర్డ్ వాట్సాప్ గ్రూపులో. బ్యాచ్ మారినప్పుడల్లా అదే పాస్‌వర్డ్ తర్వాతివాళ్లకి అందుతుంది. దీని గురించి అడిగితే జవాబు ఇలా ఉంటుంది:

"అన్నా, మా సార్ అకౌంట్‌లో కోటా ఎక్కువ. నాకు విడిగా ఇస్తే జాబులు వెనకపడతాయి."

"కోటా గ్రూప్‌కి ఇస్తా తమ్ముడూ, అకౌంట్ మాత్రం నీ పేరునే. రేపు రాత్రి రెండింటికి ఎవడో లాగిన్ అయితే, అది నువ్వా, సారా, పోయినేడు పాసై వెళ్లిన సీనియరా అని నేను ఎవర్ని అడగాలి?"

కోటా మాట దొరికితే ఎవరూ మొండికేయరు. అసలు సమస్య స్లర్మ్‌లో గ్రూప్ అకౌంట్లు సరిగా పెట్టకపోవడం. అది అడ్మిన్ వైపు పని, వాళ్లది కాదు.

చేతులు తక్కువున్న చోట నేను ఏ వరసలో వెళ్తానంటే: ముందు లాగ్‌లు వేరే యంత్రానికి, యూజర్లెవరికీ లాగిన్ లేని యంత్రానికి. తర్వాత ఆథరైజ్డ్ కీస్‌ని హోమ్ నుంచి తీసేసి, రూట్ మాత్రమే రాయగల డైరెక్టరీకి మార్చడం. ఆ మార్పు ఒక్కటీ పైన చెప్పిన ఎన్ఎఫ్ఎస్ కిటుకుని సగం చంపేస్తుంది. ఆ తర్వాత ఓటీపీ, ఆపైన కీలకి గడువు. జాబు నడుస్తున్న నోడ్‌కే యూజర్‌ని రానిచ్చే స్లర్మ్ పీఏఎం మాడ్యూల్, ఇతరుల ప్రాసెస్‌లు కనపడకుండా ప్రోక్ మౌంట్‌లో హైడ్‌పిడ్, ఇవి ఒక మధ్యాహ్నం పని. యూజర్ నేమ్‌స్పేస్‌లు (మామూలు యూజర్‌కి తన పరిధిలో రూట్ లాంటి హక్కులిచ్చే కెర్నెల్ సదుపాయం) ఆపేస్తే 2019 లోపం లాంటివాటిలో చాలా వాటికి తలుపు మూసుకుంటుంది. కానీ సాఫ్ట్‌వేర్‌ని మూటకట్టి నడిపే అప్‌టెయినర్ కంటైనర్లు సెట్‌యూఐడీ లేకుండా నడవాలంటే అవే కావాలి. ఇక్కడ రెండూ దక్కవు. కెర్నెల్ ప్యాచ్ వారంలోగా వేయగలిగితే నేమ్‌స్పేస్‌లు ఉంచండి, వేయలేకపోతే ఆపండి.

ఇక కనిపెట్టడం. ఖర్చు లేని మూడు పనులు నాకు బాగా పనికొచ్చాయి. ఒకటి, అందరి ఆథరైజ్డ్ కీస్‌లో ఉన్న కీ ముద్రలన్నీ (ప్రతి కీకీ ప్రత్యేకమైన చిన్న గుర్తులు) ఒకచోట పేర్చి, ఒకే కీ ఇద్దరు వేర్వేరు యూజర్ల దగ్గర కనిపిస్తే పట్టుకోవడం. సాధారణంగా దొరికేది పాస్‌వర్డ్ పంచుకునే స్నేహితులే, కానీ చొరబడ్డవాడు వేసిన కీ కూడా సరిగ్గా అలాగే కనిపిస్తుంది. రెండు, లాగిన్ నోడ్ నుంచి బయటికి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్లు చూడటం. అందరూ లోపలికొచ్చేవే చూస్తారు. మన క్లస్టర్ ఇంకొకరికి మెట్టుగా మారితే మాత్రం ఆ జాడ బయటికి వెళ్లేవాటిలోనే ఉంటుంది. మూడు, షెడ్యూలర్ లెక్కకీ నోడ్ వాడిన కరెంటుకీ పోలిక. డయామార్ఫిన్ లాంటి రూట్‌కిట్ ప్రాసెస్‌ని దాచగలదు, టాప్‌ని మభ్యపెట్టగలదు. జాబేమీ లేదని స్లర్మ్ చెప్తున్న నోడ్ అర్ధరాత్రి నిండా కరెంటు తాగుతున్నట్టు, మదర్‌బోర్డ్ మీద విడిగా ఉండి యంత్రాన్ని గమనించే బీఎంసీ చిప్ చెప్తే, ఆ బీఎంసీకి అబద్ధం చెప్పడం అంత తేలిక కాదు.

మొదటి కొన్ని గంటలు

మన దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం సంఘటన తెలిసిన 6 గంటల్లో దానికి తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, యంత్రాల గడియారాలు ఎన్‌టీపీ (నెట్‌వర్క్ మీద సమయం సరిచూసే పద్ధతి)తో కలిసి ఉండాలి. గడియారాల సంగతి చిల్లరగా అనిపిస్తుంది. రెండు కేంద్రాల లాగ్‌లు పక్కపక్కన పెట్టి ఎవరి నుంచి ఎవరికి గెంతాడో చూసేటప్పుడు, నాలుగు నిమిషాల తేడా ఉంటే కథ తలకిందులవుతుంది.

అనుమానం రాగానే నోడ్‌ని ఆపేయాలని చేతులు దురదపెడతాయి. ఆపితే మెమరీలో ఉన్నదంతా పోతుంది. నెట్‌వర్క్ మాత్రం తెంపి, మెమరీ, డిస్కు కాపీ తీసుకోవడం నయం. యూజర్లకి మెయిల్ పంపే ముందు ఆలోచించండి. ఆ మెయిల్‌బాక్స్ పాస్‌వర్డ్ కూడా క్లస్టర్‌ పాస్‌వర్డే అయితే, మీ మొదటి పాఠకుడు దాడి చేసినవాడే. కొత్త పాస్‌వర్డ్‌లని మెయిల్లో పంపొద్దు. ఫోన్‌లోనో, గుర్తింపు కార్డు చూసి ఎదురుగానో ఇవ్వండి.

దాని తర్వాత ఇబ్బందిగా ఉన్నా చేయాల్సిన పని ఇతర కేంద్రాలకి చెప్పడం. ప్రభావితమైన యూజర్‌ని కూర్చోబెట్టి, ఆ కీ ఇంకా ఎక్కడెక్కడ వాడుతున్నారో అడిగి జాబితా రాయించాలి. ఆ ప్రతి కేంద్రం భద్రతా బృందానికీ ఒక చిన్న సందేశం పోవాలి: ఫలానా కీ ముద్ర, ఫలానా అడ్రస్‌లు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా, ఫలానా ఫైళ్లు ఫలానా చోట దొరికాయి. యూజర్ పేరు అందరికీ చెప్పనక్కర్లేదు, కీ ముద్ర చాలు. వాళ్లు తమ లాగ్‌లో వెతుక్కుంటారు. "మా పరువు పోతుంది" అని పై నుంచి ఆపేవాళ్లు ఉంటారు. వాళ్లకి 2020 మే హెచ్చరికలు చూపిస్తాను. అడ్రస్‌లు, ఫైలు పేర్లు అన్నీ ఈజీఐ బహిరంగంగా పెట్టింది. తమ లాగిన్ నోడ్లలో ఫాంట్స్ డైరెక్టరీ తెరిచి చూడాలని ఎవరికైనా తట్టేది ఆ జాబితా చేతిలో ఉంటేనే.